తాతయ్య పతకాలు, నాయనమ్మ బిందె

మా చిన్నప్పుడు పెదకాకానిలో తొక్కుడుబిళ్ళ ఆటకి ఆడపిల్లలందరూ కుండపెంకులు ఏరుకొచ్చుకునేవాళ్ళు. నా దగ్గర మాత్రం గుండ్రటి లోహపు బిళ్ళ ఒకటి ఉండేది. రూపాయి కంటే పెద్దది. బరువుగా ఉండి, గడిలో వేస్తే దొర్లిపోకుండా చెప్పిన చోట నిలిచేది. ఒకవైపు కిరీటం పెట్టుకున్న మొహం, రెండోవైపు ఏదో జంతువును తొక్కి నిలబడిన సింహం. ఆ బిళ్ళతో ఎన్ని ఆటలు గెలిచానో లెక్కలేదు. ఒకనాడు నాయనమ్మ చూడనే చూసింది. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. బిళ్ళను కొంగుతో తుడిచి, "ఇది ఆడుకునేది కాదే అమ్మాయ్, మీ తాత ప్రాణం" అని లోపలికి పట్టుకుపోయింది.

తాతయ్య చూస్తే వసారాలో నులకమంచం మీద కూర్చుని హాయిగా చుట్ట కాల్చుకుంటున్నాడు. మనిషి అక్కడుంటే ప్రాణం బిళ్ళలో ఉండడమేమిటి? బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, మా తాతయ్య ప్రాణం ఇందులో ఉంది కాబోలనుకుని, అన్నాళ్ళూ దాన్ని కాలితో తన్నినందుకు ఆ రాత్రి భయంతో నిద్రపోలేదు.

ఈ సందేహం తీరడానికి నలభై ఏళ్ళు పట్టింది. నాయనమ్మ పోయాక పంపకాలు జరిగాయి. పొలం గట్లు కొలిచారు, ఇత్తడి సామాను తూకం వేశారు. ఆవిడ రేకుపెట్టెను మాత్రం ఎవరూ అడగలేదు. "ఆడపిల్ల ఉత్తచేతుల్తో వెళ్ళకూడదు, తీసుకుపోమ్మా" అని మా పెదనాన్న దాన్ని నా ఆటోలో పెట్టించాడు.

పెట్టెలో పైన రెండు నేతచీరలు. వాటి కింద నాలుగు పతకాలు, అట్ట ఊడిన డిశ్చార్జి పుస్తకం, ఎనామిల్ మగ్గు, చెల్లని నోట్లు కొన్ని. అడుగున రెండు కట్టలు. ఒకటి ఉత్తరాలు, రెండోది మనియార్డరు కూపన్లు. రెండూ చీర అంచు పీలికలతో జాగ్రత్తగా కట్టి ఉన్నాయి.

ముందు పతకాల సంగతి చెబుతాను. ఎందుకంటే ఇలాంటివి మన ఇళ్ళల్లో ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. ఏది ఏమిటో తెలియక గుండీల డబ్బాలో పడేస్తుంటాం. నిజానికి వీటిని గుర్తుపట్టడం మనకి కష్టం కాకూడదు. అంచు చూసి మంగళగిరి చీరో వెంకటగిరి చీరో చెప్పగలవాళ్ళం కదా, వీటికీ రిబ్బనే అంచు. రెండో ప్రపంచయుద్ధంలో రంగానికి వెళ్ళిన సిపాయిలకు ఆరు కోణాల నక్షత్రాలు ఇచ్చారు. రిబ్బను మీద ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉంటే అది 1939-45 నక్షత్రం. నౌకాదళం, పదాతిదళం, విమానదళం మూడింటికీ ఆ మూడు రంగులు. ఇసుక రంగు మీద చారలుంటే ఆఫ్రికా. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు అయితే ఇటలీ. ముదురు నీలం మధ్యలో వెడల్పాటి ఎర్రపట్టె, దానికి రెండు వైపులా నారింజ చార ఉంటే బర్మా. ఈ మూడు రంగాల్లోనూ మన దేశపు సిపాయిలు పోరాడారు.

మా పెట్టెలోవి రెండు నక్షత్రాలు, రెండు బిళ్ళలు. నక్షత్రాల్లో ఒకటి బర్మాది. బిళ్ళల్లో ఒకటి నా తొక్కుడుబిళ్ళ. దాని అసలు పేరు వార్ మెడల్. పైన రిబ్బను దూర్చే కడ్డీ ఎప్పుడో ఊడిపోబట్టి నా ఆటకు పనికొచ్చింది. కిరీటం పెట్టుకున్నది ఆరో జార్జి. సింహం కాళ్ళ కింద ఉన్నది రెండు తలల డ్రాగన్. రెండో బిళ్ళ ఇండియా సర్వీస్ మెడల్. దాని వెనక మన దేశపటం ఉబ్బెత్తుగా పోసి ఉంటుంది. లాహోరూ ఢాకా అన్నీ కలిసిన పాత పటం. ఆ పతకాన్ని 1946లో ఏర్పాటు చేశారు. తాతయ్య చేతికి వచ్చేసరికి 1947 ఆగస్టు 15 వెళ్ళిపోయింది. అందులో ఉన్నటువంటి దేశం అప్పటికి లేదు.

అసలు మిరపచేల మధ్య పుట్టిన మనిషి బర్మాకెందుకు వెళ్ళాడంటే, దానికి వెనక పెద్ద కథే ఉంది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు బాగానే ఉండేవాళ్ళు. ఆ సిపాయిలు బెంగాలు వరకూ వెళ్ళారు. అందుకే ఉత్తరదేశంలో సిపాయి అనడానికి "తిలంగా" అనే మాట పుట్టింది. మన పేరే అక్కడ సైనికుడికి పేరయిందన్నమాట! తరవాత 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి, కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే సిద్ధాంతం ఒకటి తెల్లదొరలకు పట్టుకుంది. ఆ లెక్కలో తెలుగువాళ్ళు తేలిపోయారు. మనవాళ్ళను చేర్చుకోవడం బాగా తగ్గించేశారు. మళ్ళీ రెండో యుద్ధం ముంచుకొచ్చి మనుషులు కావలసి వచ్చేటప్పటికి, సిద్ధాంతం సంగతి ఎవరికీ గుర్తులేదు. మొత్తం దేశం నుంచి సుమారు 25 లక్షల మంది చేరారు. నిర్బంధం లేదు, అందరూ ఇష్టపడి చేరినవాళ్ళేనని పుస్తకాల్లో రాస్తారు. కాదనను. కాని మిరపకి ధర లేక, అప్పు మీద వడ్డీ పెరిగి, కౌలు కట్టలేని ఇంట్లో పాతికేళ్ళ కుర్రాడి ఇష్టమెంతో ఆ ఇంటివాళ్ళకే తెలియాలి.

తాతయ్య 1940 చివర్లో మిరపకాయల బండి తోలుకుని గుంటూరు వెళ్ళాడు. బండి మాత్రం పక్కింటి వాళ్ళతో ఇంటికొచ్చింది. అప్పటికి మా పెదనాన్న నాలుగు నెలల పిల్లాడు. దక్షిణాదివాళ్ళను చాలామందిని ఇంజనీరింగు పనుల్లోకి, రవాణాలోకి తీసుకున్నారు. అలాగే ఈయన్నీ సర్వీస్ కోర్‌లో వేసి లారీ నేర్పారు. ఎడ్లబండి తోలిన చెయ్యి గనక మూడేళ్ళపాటు దేశంలోనే ఆ డిపో నుంచి ఈ డిపోకి సామాను మోయించారు. 1944లో బర్మా సరిహద్దుకి పంపారు.

ఇక ఇంటి దగ్గర సంగతి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. రంగూను నుంచి మన తెలుగు కూలీలు వేలమంది అడవుల వెంట కాలినడకన తిరిగి వస్తున్నారని కబుర్లు. బర్మా బియ్యం ఆగిపోయింది. కిరసనాయిలుకి కటకట. ఇవన్నీ ఒక ఎత్తు. ఆగస్టు నెల మరో ఎత్తు. క్విట్ ఇండియా ఉద్యమంలో ఆగస్టు 12న తెనాలిలో పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. ఇప్పటికీ తెనాలిలో రణరంగ చౌక్ దగ్గర వారి స్మారకాలు ఉన్నాయి. మాకు తెనాలి ఎంత దూరం గనక? ఆ సాయంత్రానికే కబురు తెలిసింది.

మా పెదతాత, అంటే తాతయ్యకు అన్నగారు, ఖద్దరు కట్టిన మనిషి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, మరదలికి వినపడేటట్టు వాళ్ళమ్మతో అన్నాడట, "మనవాడు తొడిగిందీ ఆ ఖాకీయే కదమ్మా" అని. విస్తరి ముందునుంచి లేచిపోయాడట. నాయనమ్మ తలుపు చాటునే నిలబడి ఉంది. ఆ నెల ఇంట్లో ఉప్పూ పప్పూ వచ్చింది ఆ ఖాకీ పంపిన మనియార్డరుతోనే. అయినా ఆవిడ నోరెత్తలేదు. పెదతాత అన్నదాంట్లో అబద్ధం లేదు. ఈవిడ మింగినదాంట్లోనూ అబద్ధం లేదు. ఆనాడు ఒకే చూరు కింద ఇలాంటి రెండు నిజాలు కాపరం చేసిన ఇళ్ళు ఎన్నో.

ఉత్తరాల కట్ట విప్పి చూస్తే ఎక్కడా ఊరి పేరు ఉండదు. సిపాయి ఎక్కడున్నాడో రాయకూడదు. రాస్తే సెన్సారువాళ్ళు కొట్టేస్తారు. అన్నీ మా ముత్తాత పేరున వచ్చినవే. అందరి క్షేమమూ అడిగి, ఎడ్ల క్షేమం కూడా అడిగి, ఆఖరున "పిల్లాణ్ణి జాగ్రత్తగా చూసుకోమని చెప్పేది" అని ఒక ముక్క. ఎవరికి చెప్పాలో ఉండదు. ఆ ముక్కే నాయనమ్మది. బడిపంతులుగారు వసారాలో కూర్చుని పైకి చదువుతుంటే, ఆ ముక్క వచ్చేదాకా ఆవిడ తలుపు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడేదట. "అది వినగానే వంటింట్లోకి పోయేదాన్ని, మిగతాది నాకెందుకు?" అని నాతో నవ్వుతూ చెప్పింది.

మనియార్డరు మాత్రం ఆవిడ పేరునే వచ్చేది. సిపాయి తన జీతంలోంచి ఇంటికి ఇంతని రాయించుకుంటే, డిపోవాళ్ళే నెలనెలా పంపేవాళ్ళు. పోస్టుమాన్ దగ్గర వేలిముద్ర వేసి, డబ్బు అత్తగారి చేతికిచ్చి, కూపను ముక్క తను దాచుకునేది. ఆ రోజుల్లో ఒక కోడలి పేరు అచ్చుకాగితం మీద కనపడే సందర్భం అదొక్కటేనేమో.

1945 ఫిబ్రవరి నుంచి ఉత్తరాలు రాలేదు. మార్చిలో లేదు, ఏప్రిల్లో లేదు, మేలో లేదు. మనియార్డరు మాత్రం ఠంచనుగా వస్తోంది. ఇంట్లోవాళ్ళు, "డబ్బొస్తోందిగా, కులాసాగానే ఉండుంటాడు" అన్నారు. నాయనమ్మకి ఆ మాట నచ్చలేదు. డబ్బు పంపేది ఆఫీసువాళ్ళు. ఆ సంగతి పోస్టుమాన్ ఎప్పుడో చెప్పాడు. మనిషి ఉన్నా లేకపోయినా, ఆ కబురు ఆఫీసుకి చేరేదాకా డబ్బు వస్తూనే ఉంటుంది. అందుకని అత్తగారి దగ్గరికెళ్ళి, "ఉత్తరం వచ్చేదాకా ఈ డబ్బు ముట్టుకోవద్దత్తా" అంది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆవిడ అత్తగారికి ఎదురుచెప్పినట్టు లెక్కకొచ్చేది అదొక్కటే. ఆ పెద్దావిడ మారుమాట్లాడకుండా నోట్లను ఆవకాయ జాడీల అరలో, ఖాళీ జాడీ అడుగున పెట్టింది. కొడుకు కదా మరి. ఆ నాలుగు నెలలూ ఇంటికి చేబదుళ్ళతో గడిచింది గాని ఆ జాడీ మూత తియ్యలేదు.

ఆ నాలుగు నెలల్లో తాతయ్య ఎక్కడున్నాడో నాకు తరవాత పుస్తకాలు చదివితే తెలిసింది. 14వ సైన్యం 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నది మీద వంతెన వేసి దాటింది. ఆ పైన ఐరావతి దాటి, 1945 మార్చి 20న మాండలేను తీసుకుంది. మే 3న రంగూను కూడా మిత్రదళాల చేతికి వచ్చింది. ఆ సైన్యంలో ఎక్కువమంది మనవాళ్ళే. యూరపులో జరిగే యుద్ధం ముందు వీళ్ళను తలచుకునేవాళ్ళు లేక, తమకు తామే "మరిచిపోయిన సైన్యం" అని పేరు పెట్టుకున్నారు. అక్కడ తుపాకీ కంటే జ్వరం పెద్ద శత్రువు. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్క సిపాయికీ, జబ్బుచేసి పంపినవాళ్ళు 120 మంది చొప్పున ఉన్నారని ఆ సైన్యాధిపతి జనరల్ స్లిమ్ రాశాడు. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్రలు మింగించేవాళ్ళు. అవి మింగితే ఒళ్ళు పచ్చబడుతుంది. తాతయ్య మాత్రలు మింగినా జ్వరం తప్పించుకోలేక ఆస్పత్రిలో పడ్డాడు. జూన్‌లో ఎవరిచేతో రాయించిన కార్డు వచ్చింది. ఆ యేడు దసరాకి సెలవు మీద ఇంటికొస్తే, ఊళ్ళో ఆడవాళ్ళు "ఇదేమిటే, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టు పచ్చగా ఉన్నాడు" అని మా నాయనమ్మను ఏడిపించారట.

తాతయ్య యుద్ధం గురించి చెప్పిన కథ ఒకే ఒక్కటి. "మేం గోనెపట్టా రోడ్డు మీద లారీలు నడిపాంరా" అనేవాడు. మిరపకాయలు తొక్కే గోనెసంచి మా ఊళ్ళో ఎవరికి తెలియదు? వానకు నానే ఆ గోనె మీద లారీ ఎలా నడుస్తుందని అందరూ నవ్వేవాళ్ళు. మేమూ నవ్వాం. తీరా చూస్తే అది అక్షరాలా నిజం! తాము నుంచి కలేవా వెళ్ళే దారిలో రాయి దొరక్క, జనపనార గుడ్డని తారులో ముంచి నేల మీద పరిచి, వాటి మీదుగా లారీలు నడిపారు. ఇది నేను చదివేనాటికి తాతయ్య లేడు. "నువ్వన్నది నిజమే తాతయ్యా" అని చెప్పడానికి మనిషి లేకపోవడం ఎంత బాధో, మీలో కొందరికైనా అనుభవమే ఉంటుంది.

1946లో డిశ్చార్జయి వచ్చాడు. తెచ్చిన ఆస్తి ఎనామిల్ మగ్గూ, బర్మాలో జపానువాళ్ళు అచ్చువేసిన రూపాయి నోట్లూ. వాళ్ళు ఓడిపోగానే ఆ నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. పిల్లలకు ఆడుకోవడానికని తెచ్చాడు. యుద్ధానికని కొద్దికాలానికి చేర్చుకున్నవాళ్ళకు పింఛను లేదు. మళ్ళీ లారీయే ఎక్కాడు. గుంటూరు నుంచి మద్రాసుకు మిరప బస్తాలు తోలాడు. ఏ లోడుతో పోతున్నా ముందు కాకాని మల్లేశ్వరస్వామి గుడి దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టవలసిందే. ఈరోజు కొత్త కార్లూ మోటారుసైకిళ్ళూ ఆ గుడి ముందు పూజకోసం బారులు తీరినప్పుడు నాకు ఆయనే గుర్తొస్తాడు.

జాడీలోని నాలుగు నెలల డబ్బు ఏమయిందని అడుగుతారేమో. ఆయన ఇల్లు చేరాక అత్తగారు మూత తీసి, "నీ డబ్బు నువ్వు తీసుకో" అంది. నాయనమ్మ గుంటూరు నుంచి పెద్ద ఇత్తడి బిందె తెప్పించుకుంది. దాని మెడ చుట్టూ మొగుడి పేరు చెక్కించాలనుకుంది. మొగుడి పేరు నోటితో అనకూడదాయె! బిందె మీద పేర్లు చెక్కే అతను "ఏం పేరమ్మా?" అంటే నవ్వి ఊరుకుందట. చివరికి డిశ్చార్జి పుస్తకం తెచ్చి చేతికిచ్చింది. అందులో ఇంగ్లీషు చదవడం అతనికి రాదు. ఆరేళ్ళ మా పెదనాన్నను పిలిచి చెప్పించారు. అలా తాతయ్య పేరూ, 1946 అనే అంకెలూ ఆ బిందెకెక్కాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన పతకాలు ఒక్కసారైనా పెట్టుకోలేదు. 1972లో రజతోత్సవాలకు సమరయోధులను సన్మానించారు. మా పెదతాతకూ ఊళ్ళో దండ వేశారు. తాతయ్య వెనక వరసలో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన్ను ముందుకు రమ్మన్నవాళ్ళు లేరు. ఎవరో రాజుకోసం చేసిన కొలువు కదా అన్న బెరుకు ఆయనకూ ఉంది.

అన్ని ఊళ్ళూ ఇలా లేవు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేగాని జనానికి తెలియదు. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారని వాళ్ళ లెక్క. సుబేదార్ వేంపల్లి వెంకటాచలంగారు రావు బహదూర్, పాల్కీ సుబేదార్ బిరుదులు పొందింది ఆ ఊళ్ళోనే. స్మారకస్తూపం కట్టుకున్నారు. ఇంటింటికీ తరతరాలుగా సిపాయిలున్న చోట జ్ఞాపకాన్ని ఊరు మోస్తుంది. మా ఊళ్ళో లాగా ఒకరో ఇద్దరో వెళ్ళిన చోట దాన్ని ఒక ఇల్లాలు రేకుపెట్టెలో మోయాలి.

ఆ మోత కూడా ఎల్లకాలం సాగదు. మొదటి యుద్ధపు పతకాల్లో ఒకటి అచ్చమైన వెండి, సుమారు రెండున్నర తులాలు. అంచున సిపాయి పేరూ నంబరూ కొట్టి ఉండేవి. అవి ఎన్ని ఇళ్ళల్లో పట్టీలై, మొలతాళ్ళై కరిగిపోయాయో! మా ఇంట్లోనూ అంతపనీ జరగబోయింది. 1980లో నా పెళ్ళి. వెండి ధర ఆకాశాన్నంటింది. నాయనమ్మ తనే ఆ రెండు బిళ్ళలూ మూటకట్టి, "అమ్మాయికి పట్టీలు చెయ్యి" అని కంసాలి దగ్గరికి తీసుకెళ్ళింది. అతను గీసి చూసి, "ఇవి వెండి కాదు మామ్మా" అని తిరిగిచ్చేశాడు. ఆ లోహం చౌకది కాబట్టే మా తాతయ్య పతకాలు ఈరోజుకి మిగిలాయి.

అప్పుడు మా నాన్న, "పోనీ ఆ పాత బిందె ఇచ్చెయ్యమ్మా, ఇత్తడికి మంచి ధరే ఉంది" అన్నాడు. నాయనమ్మ అతనికేసి ఒక చూపు చూసింది. అంతే, మళ్ళీ ఎవరూ ఆ మాటెత్తలేదు. తాత ప్రాణం అని నా చేతిలోంచి లాక్కున్న బిళ్ళను మనవరాలి పట్టీలకు ఇవ్వడానికి సిద్ధపడిన మనిషి, బిందెను మాత్రం ఇవ్వనంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. కూపన్ల కట్ట విప్పి, 1945లో ఆ నాలుగు ముక్కల మూలలు మడిచి ఉండడం చూశాక తెలిసింది. పతకాలు ఆయనకు సర్కారు ఇచ్చినవి. బిందె ఆవిడ తన ఎదురుచూపుకి తనే ఇచ్చుకున్నది.

ఇది చదివే అక్కచెల్లెళ్ళకు ఒక మనవి. మీ అత్తింట్లోనో పుట్టింట్లోనో ఇలాంటి నక్షత్రమో బిళ్ళో ఉంటే రిబ్బను రంగు చూడండి. అంచు మీద పేరూ నంబరూ ఉంటే రాసిపెట్టుకోండి. డిశ్చార్జి పుస్తకం చెదలు తినక ముందే మంచి చోట పెట్టండి. అంతకంటే ముందు, ఆ ఇంట్లో బతికున్న పెద్ద ముత్తైదువునో ముసలమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన అక్కడ ఉన్నప్పుడు నువ్విక్కడ ఏం చేశావని అడగండి. ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో సర్కారు కాగితాల్లో ఎక్కడో ఉంటుంది. ఆవిడ సంగతి ఏ కాగితంలోనూ ఉండదు.

తూకానికి పోబోతున్న బిందెను నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా వంటింట్లో ఉంది. చింతపండు పెట్టి తోమినప్పుడల్లా మెడ దగ్గర అక్షరాలు కాస్త కాస్త అరుగుతున్నాయి. అయినా నీళ్ళు పట్టి వాడుతూనే ఉన్నాను. ఆ పేరేమిటో ఇక్కడ రాయలేదని గమనించారా? ఆవిడే అరవయ్యేళ్ళు ఆ పేరు నోటంట అనకుండా కాపరం చేసింది. నేను మాత్రం ఎందుకు బయటపెట్టాలి?